స్టీరింగ్ తిప్పింది ఎవరు

బుధవారం, రాత్రి

ఎదుటివాళ్లు గట్టిగా చెబితే చాలు, నా కళ్లతో చూసినదాన్ని నేనే ఎందుకు అనుమానిస్తాను? కాలేజీ రోజుల నుంచీ ఇదే ప్రశ్న.

సాయంత్రం పుంగనూరు నుంచి మదనపల్లెకు వస్తున్నాను. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఎప్పటిలాగే ఎండిన ఉలవ చెట్లను రోడ్డు మీద పరిచారు. ఎడమ అంచున ఒకామె వాటిని తిరగేస్తోంది. ఆమెకు దూరంగా పోదామని నడిమి గీత దాటబోతే, స్టీరింగ్ నా చేతుల్లోంచి ఆమె వైపే గుంజుకుంది. బ్రేకు తొక్కాను. ఆమెకు జానెడు దూరంలో ఆగాను.

"యాల తల్లీ, నామీదికే తిప్పినావు?"

"నేను కాదమ్మా, కారే తిరిగింది."

"అట్లయితే నువ్వు లోపల యాల కూచోనుండావు?"

సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేస్తే అక్కడి అతను, "పోయిన వారం మీ కారుకు వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పేమీ లేదు మేడం. ఇండికేటర్ వేయకుండా గీత దాటితే కారే స్టీరింగ్‌ను మళ్లీ గీత లోపలికి లాగుతుంది. రోడ్డు మీద పంట వేసేది వాళ్ల తప్పు" అన్నాడు.

పోయిన వారం దాకా ఇదే రోడ్డులో ఇండికేటర్ లేకుండానే పక్కకు తప్పుకునేదాన్ని. స్టీరింగ్ కొంచెం వణికి ఊరుకునేది. ఇప్పుడు నాతో పోట్లాడుతోంది. నన్నడక్కుండా కారు గుణం మార్చేసి, తప్పు మాత్రం ఆమెకూ నాకూ పంచుతారా? ఈ రోడ్డు మీద ఏటా ఉలవలు పరుస్తారని తెలియని కారును ఇక్కడ అమ్మింది ఎవరు?

ఆ ఫీచర్ ఆపేశాను. స్టార్ట్ చేసిన ప్రతిసారీ దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. రేపు కుప్పానికి ఆ దారినే పోవాలి.

ఇండికేటర్ వేయలేదన్నది నిజం. ఆమె మీదికి తిప్పింది నేను కానన్నదీ నిజం. రేపు ఆమె కనబడితే ఏ నిజం చెప్పాలో, అసలు కారు తీయాలో వద్దో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.