గ్యారేజీకి వెచ్చదనం, నా చేతుల మీదుగా

నవంబర్ 7, శుక్రవారం

తీర్మానం! గ్యారేజీని నా వడ్రంగి షెడ్డుగా మారుస్తున్నాను. వైరింగు, హీటరు, అన్నీ నేనే. ఎవరినీ పిలిచేది లేదు, అడిగేది లేదు. చెల్లికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల చేస్తున్నాను. చలికి జిగురు పట్టడం లేదు.

చెల్లి ఫ్యాక్టరీల్లో కరెంటు భద్రత తనిఖీ చేసే అధికారి. దాన్నడిగితే పని ఇట్టే తేలిపోతుంది. కానీ ఉయ్యాల సంగతి దానికి తెలియకూడదు!

వీడియోలు చూశాను. ఇంత సులువైన పనికి జనం మనుషుల్ని ఎందుకు పెట్టుకుంటారో!

విషయం వినగానే మామగారు పేపరు దించి, మా ఆయనతో "ఒరేయ్, ఇంటికి ఇన్సూరెన్సు కట్టావా?" అన్నారు.

నవంబర్ 9, ఆదివారం

హీటరు, వైరు కొన్నాను. హీటరుకని చెబితే కొట్టతను లావు వైరు చూపించాడు. వంచితే వంగదు. సన్నది తీసుకున్నాను. ఎంత చక్కగా వంగుతోందో! రంగు కూడా బాగుంది.

నవంబర్ 11, మంగళవారం

పని మొదలవలేదు. గ్యారేజీలో వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. హీటరు బిగించాలంటే గది వెచ్చబడాలి. గది వెచ్చబడాలంటే హీటరు బిగించాలి. ఈ చిక్కు ఏ వీడియోలోనూ లేదు.

తాత్కాలిక ఏర్పాటు: వంటింటి ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి హీటరు. రెండు రోజులే.

నవంబర్ 15, శనివారం

తాత్కాలిక ఏర్పాటు దివ్యంగా ఉంది. హీటరు ఉండగా మిక్సీ వేయకూడదు, అంతే. ఇవాళ మా ఆయన వేశారు. ఇల్లంతా చీకటి.

"గోడకు కాగితం అంటించానుగా!"

"చీకట్లో ఎలా చదవనే?"

"మిక్సీ వేసేటప్పుడు లైటు ఉందిగా అండీ!"

తప్పంతా ఆ ట్రిప్ స్విచ్చుదే. అంత చిన్న మాటకే అలిగి పడిపోతే ఎలా?

నవంబర్ 18, మంగళవారం

కాలిన వాసన. పక్కింటివాళ్ల వంట అనుకున్నాను. వాళ్లు ఊళ్లో లేరని కాసేపటికి గుర్తొచ్చింది.

మిగిలిన ఎక్స్‌టెన్షన్ తీగను చుట్టచుట్టి రంపపు పొట్టు బస్తా వెనక్కి తోశాను, కాళ్లకు అడ్డం రాకుండా. ఆ చుట్ట వేడెక్కి కరిగింది. పొట్టు రాజుకుంది.

నీళ్ల బకెట్టుతో పరుగెత్తాను. "నీళ్లొద్దు! ఆగమ్మా!" అని మామగారు అరిచారు. మెయిన్ స్విచ్చు ఆపి వచ్చి, బస్తాను వట్టి చేతులతో పెరట్లోకి ఈడ్చేశారు. అరచెయ్యి బొబ్బలెక్కింది.

మందు రాశాను. ఆయన వెటకారం కూడా చేయలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

ఉయ్యాలకు ఏమీ కాలేదు.

నవంబర్ 19, బుధవారం

చెల్లికి ఫోన్ చేసి అన్నీ కక్కేశాను, ఉయ్యాల ఒక్కటి తప్ప. నిండు కడుపుతో, టార్చి పట్టుకుని దిగింది. కుర్చీ వేశాను. విచారణ మొదలు.

"ఈ వైరుకి హీటరు పెడదామనుకున్నావా? ఇది లైట్లకి అక్కా!"

"రంగు బాగుందని..."

"హీటరుకి మెయిన్ బోర్డు నుంచి వేరే లావు వైరు, వేరే ట్రిప్ స్విచ్చు ఉండాలి. షాక్ కొట్టకుండా ఆపే స్విచ్చు కూడా. గోడకి బిగించాలి, పొట్టుకి దూరంగా. ఎక్స్‌టెన్షన్ మీద ఇంకెప్పుడూ పెట్టకు. లైసెన్సున్నవాళ్లనే పిలువు. ముందు ఆ షట్టరు కింద సందు మూయి. వీధినంతా వెచ్చబెడుతున్నావు!"

తర్వాత మూలన గుడ్డ కప్పిన దానిమీద టార్చి వేసింది.

"అదేంటి?"

"బల్ల."

"బల్లకి ఊచలెందుకే?"

గుడ్డ తీసింది. చాలాసేపు ఊచలు నిమిరింది.

"దీనికోసం ఇల్లు తగలబెట్టుకుంటారటే పిచ్చిదానా!" అంటూ కళ్లు తుడుచుకుంది.

నవంబర్ 30, ఆదివారం

ఎలక్ట్రీషియన్ పని ముగించాడు. గది నులివెచ్చగా ఉంది. జిగురు పట్టింది. చెల్లికి పాప! ఉయ్యాల వాళ్లింటికి వెళ్లింది. మామగారి చెయ్యి మానింది.

మొత్తం పనిలో నా చేతుల మీదుగా జరిగింది: షట్టరు కింద రబ్బరు పట్టీ.

అయినా తీర్మానం తీర్మానమే! మేడ మీద గదిలో స్విచ్చు ఒకటి వదులైంది. ఒక్క స్క్రూ. రేపు నేనే బిగిస్తాను. ఎవరినీ పిలిచేది లేదు.

ఈ మాట వినగానే మామగారు తన కుర్చీ మోసుకెళ్లి మెయిన్ స్విచ్చు పక్కన వేసుకున్నారు.

"పని రేపు కదా మామయ్యగారూ!"

"మంచి చోటు ముందే పట్టుకోవాలమ్మా."