వేళ్లు ఇంకా నిద్ర లేవలేదు

నది అవతలి శిబిరం,
జూన్ 3.

పూజ్యురాలైన అమ్మకు,

చిన్న కూతురు డెల్లా నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. నువ్వు కడుపునిండా తాగి, వెచ్చగా పడుకుని, ఇంటిల్లిపాదినీ నీ చుట్టూ తిప్పుకుంటున్నావని విన్నాను. సంతోషం.

వద్దామంటే దారి లేదమ్మా. నది మీద మంచు పగిలింది. స్నోమొబైల్ పోదు, పడవా పోదు. విమానం దిగే చోటంతా బురద. ఊరి పొగ కనిపిస్తుంది, అంతే. పోయిన చలికాలమూ ఇంతే కదా, తుఫాను నన్నిక్కడే కట్టిపడేసింది. నువ్వు తలుపు వైపే చూస్తూ పడుకున్నావని అక్క చెప్పింది. ఆ మాట గుండెలో ముల్లై కూర్చుంది. ఈసారైనా నీ దగ్గరికి రావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఏం పనే అది, మట్టి తవ్వడమూ ఒక ఉద్యోగమేనా అనేదానివి. మట్టిలోని సూక్ష్మజీవులు చలికాలమంతా నత్రజనిని ఒంట్లో దాచుకుంటాయి. మంచు కరగగానే చాలావరకు చచ్చి, దాన్ని ఒక్కసారిగా వదిలేస్తాయి. గడ్డి వేళ్లేమో ఇంకా గడ్డకట్టే ఉంటాయి. అందుకునేవాళ్లు లేక ఆ బలం కరుగునీటితో నదిపాలవుతుంది. ఎంత పోయింది, ఎంత నిలిచింది అని చూడటమే మా పని. అంతా పోయే ఉంటుందన్నాడు మా పెద్ద హాల్వర్సన్. నువ్వు తీపి దుంపలు తవ్వే దిబ్బ దగ్గర నిన్న చూస్తే, నాచు కింద కొంత మిగిలే ఉంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. మట్టి కోసం ఏడ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఆయన నవ్వాడు.

ఇవాళ చిన్న హెలికాప్టర్ వస్తోంది. ఒక్కరికే చోటు, అది నాదేనని మూట కట్టుకున్నాను. పొద్దున మా వంటాయన అపయౌక్ బురద మీద పరిచిన నడకచెక్కపై జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పోవే పిల్లా, మీ అమ్మను చూసుకో, నా కాలెక్కడికీ పారిపోదులే అన్నాడు, చెమటలు కక్కుతూనే. ఎలా వెళ్లను? మూట విప్పేశాను. ఉత్తరం ఆయన జేబులో పెడుతున్నాను. మళ్లీ హెలికాప్టర్ ఎప్పుడో పొగమంచుకే తెలియాలి.

నీ చిన్న కూతురు,
డెల్లా

తా.క. రోడా అక్కా, పాపను ఒళ్లో పెట్టుకుని ఈ ఉత్తరం చదివి వినిపించు, నవ్వకు. చలికాలంలో అమ్మ తలుపు వైపు చూస్తూనే పోయింది, నేను అందుకోలేకపోయాను. నీ బిడ్డకు అమ్మ పేరే, తకులిక్ అని పెట్టారని రేడియోలో వినగానే, అమ్మ మళ్లీ మనింటికొచ్చిందని గంతులేశాను. నాలుగు రోజుల పిల్లయితేనేం, నీకూ నాకూ అది అమ్మే. నేను వచ్చేదాకా దాన్ని తలుపు వైపు మాత్రం పడుకోబెట్టకు.