కిటికీ పక్క చోటు

విజయనగరం
14-11-1968

జగ్గమ్మా, మన చిన్నతల్లిని ఒక్కర్తివీ సాకుతున్నదానా,

సోమవారం నువ్వు పిల్లనెత్తుకుని శృంగవరపుకోట బస్టాండులో పొద్దుగూకేదాకా నాకోసం చూసి ఉంటావు. నేను బయల్దేరాను. బస్సెక్కాను. సగం దారిలో దిగిపోయి, నడిచి మళ్లీ ఈ కుష్ఠు ఆసుపత్రికే వచ్చేశాను. ఎందుకో చెప్పాలి.

రోగం పోయిందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. కానీ నీకు రాయని సంగతి ఒకటుంది. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. మిగతావి వంకర తిరిగాయి. బస్సులో ఆ చేతిమీద తువ్వాలు కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఊచలు లేని కిటికీ. కింద నుంచి ఎవరో తెలీని ఒకావిడ రెండేళ్ల పిల్లని నా ఒళ్లోకి తోసేసింది. "బావా, పిల్లని పట్టుకో. పక్కన నాకు సోటుంచు" అంది. సీటు ఆపుకోవడానికి మనవైపు అంతా చేసే పనే కదా.

ఆవిడ జనాన్ని తోసుకుంటూ ఎక్కి పక్కన కూర్చుంది. పిల్ల నా ఒళ్లోంచి కదల్లేదు. తువ్వాలు కొస లాగుతుంది, నేను గుంజుకుంటాను, అది కిలకిలా నవ్వుతుంది. "దానికి నువ్వు నచ్చీసినావు బావా. ఇంక అమ్మెందుకు?" అంది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మూడేళ్లలో నన్ను ఆనుకుని కూర్చున్న బయటివాళ్లు ఆ ఇద్దరే.

తువ్వాలు జారిపోయింది.

ఆవిడ నా చెయ్యి చూసింది. పిల్లని తీసుకుని లేచి నిలబడింది. దాని చేతులు చీరకొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. తిడితే బాగుండేది. బస్సు నిండా జనం నిలబడే ఉన్నారు, నా పక్క చోటు మాత్రం ఖాళీ.

మన పిల్ల నన్ను ముట్టుకున్నాక నువ్వు కూడా అలా తుడిస్తే నేను చూడలేను. నువ్వు అలాంటిదానివి కావు. ఊరు నీచేత తుడిపిస్తుంది. ఇక్కడ తోటపని ఇస్తామన్నారు. ఉండిపోతాను. నాకోసం చూడకు.

అప్పలసూరి

శృంగవరపుకోట
20-11-1968

మావా,

పక్కింటి పద్మకుమారి చేత రాయిస్తన్నాను. నేను సెప్పింది సెప్పినట్టే రాయమన్నాను. నీ ఉత్తరం చదివి అదే ఏడిసింది. నేను ఏడవలేదు.

వేళ్ల సంగతి నాకు తెలీదనుకున్నావేటి? సదువు లేదు గానీ కళ్లున్నాయి. పోయినేటి నుంచీ నీ అచ్చరాలు ఒకదానిమీదొకటి పడిపోతన్నాయి. నువ్వు సెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తల్లి బయపడింది. నాకూ బయముంది. లేదని అబద్దమాడను. కానీ నీకు జబ్బని తెలిసిన కాడ్నుంచి నూతికాడ నా బిందె ఎవులూ ముట్టరు. నా పక్క సోటూ మూడేళ్లుగా ఖాళీగానే ఉన్నాది. నువ్వొక్కడివే అనుకోకు.

వచ్చే బుధవారం పిల్లతో విజయనగరం వస్తాను. మద్దాన్నం కోట బస్సులో నువ్వు ముందే ఎక్కి కిటికీ పక్కన కూకో. తువ్వాలు తేకు. చిన్నతల్లిని కిటికీలోంచి అందిస్తాను. దానికి అయ్య ఎవరో తెలవదు. ఏడుస్తాది, తంతాది. నేను చేతులు వదిలేస్తాను.

పట్టుకో మావా. పక్కన నాకు సోటుంచు.

జగ్గమ్మ