బొరియ మీదుగా రోడ్డు

ప్రియమైన అక్కకు,

కొత్త రోడ్డుకు సర్వే చేస్తూ ఇవాళ ఎడారిలో కొండచిలువను చూశాను. నవ్వకు! ఏదుపంది తవ్వి వదిలేసిన బొరియ ముందు ఎండ కాచుకుంటోంది. నాకు రెండింతల పొడుగు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇసుకలో బోర్లా పడుకుని, మోచేతులు చుర్రుమంటున్నా, పదకొండు ఫోటోలు తీశాను. వాటిలో పది మసకగా వచ్చాయి. మిగిలిన ఒక్కటీ పంపుతున్నాను, జాగ్రత్త.

తీరా చూస్తే మా రోడ్డు గీత సరిగ్గా ఆ బొరియ మీదుగానే పోతోంది. ఇంజనీరుకు చెబితే, “పాము కోసం రోడ్డు వంకర తిప్పమంటావా?” అన్నాడు. వచ్చే వారమే బుల్డోజర్లు వస్తాయి. మీ పత్రికలో ఈ ఫోటో వేయించవే. నిద్ర పట్టడం లేదు.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

ఫోటో అందింది. పొలుసుల మీద ఇసుక కూడా కనిపిస్తోంది! కానీ ఎడిటరు గారు వద్దన్నారురా, పేజీలో చోటు లేదట. రెండేళ్ళు ఖాళీగా తిరిగాక దొరికిన ఉద్యోగం నీది. పైవాళ్ళతో పేచీ పెట్టుకోకు. దాని దగ్గరికి మళ్ళీ వెళ్ళకు. వెంటనే జవాబు రాయి.

నీ అక్క

ఒరే తమ్ముడూ,

పది రోజులైంది. ఆఫీసులో ఫోటోల కింద ఒకరి పేరు బదులు ఇంకొకరి పేరు వేస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే పోస్ట్‌మేనేమోనని లేచి వెళ్తున్నాను. నిజం చెప్పేస్తున్నా. ఫోటో ఎవరికీ చూపించలేదు. నా సొరుగులోనే ఉంది. నీ ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను. తిట్టు, కానీ రాయి.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

ఆ సంగతి నాకు ముందే తెలుసు. పట్నం వెళ్ళి మీ ఎడిటరుకు ఫోను చేశాను. “ఏ కొండచిలువ బాబూ?” అన్నాడాయన. నీ మీద కోపంతో అన్నం సయించలేదు. అందుకే రాయలేదు.

బుల్డోజర్లు మూడూ వచ్చిన రోజు బొరియకు అడ్డంగా నిలబడ్డాను. ముందు బండి డ్రైవరు దిగి, “ఏం బాబూ, చావాలనుందా?” అని అరిచాడు. ఒక్కసారి లోపలికి చూడమన్నాను. టార్చి వేసి వంగాడు. కొండచిలువ గుడ్లను చుట్టుకుని పడుకుని ఉంది. టార్చి ఆర్పి, “నేనూ పిల్లలున్నవాణ్ణే. దీని మీదికి బండి తోలను” అని తాళంచెవి ఇంజనీరు చేతిలో పెట్టాడు. మిగతా ఇద్దరు డ్రైవర్లూ ఇంజన్లు ఆపేశారు.

ఇంజనీరుకు వేరే దారి లేక రోడ్డు గీత అరవై అడుగులు పక్కకు జరిగింది. కొత్త గీత నా చేతే గీయించి, ఆ సాయంత్రమే నన్ను ఉద్యోగంలోంచి పొమ్మన్నారు.

నువ్వు భయపడ్డట్టే అయింది కదే! ఇక పోవడానికి ఏమీ లేదు. ఆ ఫోటో ఎడిటరుకు చూపించు. ఊరి పేరు మాత్రం రాయొద్దు, పాములు పట్టేవాళ్ళు వస్తారు. కింద నా పేరు వేయించు.

నీ తమ్ముడు