మామయ్యగారి బోర్డు, నా సైటు

మంగళవారం, నందిగామ

ఇవాళ ముక్త్యాల నుంచి ఒక రైతు ట్రాలీ ఆటో మాట్లాడుకుని మా నర్సరీకి వచ్చాడు. "మీ వెబ్‌సైట్‌లో ఈ మిరపనారు ఉందని చూసే వచ్చానమ్మా" అని ఫోన్ చూపించాడు. ఆ రకం పెంచడం మేం మానేసి రెండేళ్ళయింది. పాపం, ఖాళీ బండితో వెళ్ళాడు.

"హైవే పక్కన ఉన్నోళ్ళం, మనకి వెబ్‌సైట్ దండగమ్మా. తీసేయించు" అన్నారు మామయ్యగారు. గేటు దగ్గర నల్లబోర్డు మీద నిన్నటి రాత కనపడితే మాత్రం ఊరుకోరు. రోజూ పొద్దున్నే తుడిచి, ఉన్న నారు పేర్లు ఆయనే రాస్తారు.

తీసేయించను. పని తెలిసినవాళ్ళతో కొత్తగా చేయిస్తాను. రోజూ ఆయన సుద్దముక్క పట్టుకునేలోపే సైట్ మారుస్తాను. ఆ రైతు మళ్ళీ చూస్తాడో లేదో... చూస్తే మాత్రం అందులో అబద్ధం ఉండదు.