గద్దగారి నడుం పట్టీ

అత్తయ్యకు నమస్కారాలు.

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమం కాదు. మూడు వారాల్లో మా బాస్కెట్‌బాల్ జట్టుకి మీ ఊళ్ళో మ్యాచ్ ఉంది. మీ ఊరి జట్టులో ‘గద్ద’ అని ఒకడున్నాడు కదా, లీగు మొత్తంలో ఎక్కువ పాయింట్లు వాడివే. వాణ్ణి అడ్డుకునే పని కోచ్ కొత్తవాడినైన నా నెత్తిన పెట్టాడు. గద్ద ఇరవై పాయింట్లు దాటితే సామాను సర్దుకోమన్నాడు. అంటే ఆ ఒక్క ఆటతో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది.

చేత్తో పట్టుకోకూడదు. ఎదురుగా నిలబడి, పీతలా పక్కకి జరుగుతూ దారి మూసెయ్యాలి. కోచ్ పొద్దస్తమానం జోరీగలా ఒకటే పాట: “కళ్ళు చూడకు, నడుము చూడు. కళ్ళు అబద్ధం చెప్తాయి. నడుముని వదిలేసి మాత్రం ఎవడూ ఎటూ పోలేడు.” ప్రాక్టీసులో నా చూపేమో ఎదుటివాడి కళ్ళ మీదికే పోతుంది. వాడు ఎడమకి చూస్తే నేను ఎడమకి దూకుతాను, వాడు కుడి నుంచి చక్కా పోతాడు. నిన్న గద్ద పాత ఆట వీడియోలో చూస్తూ కుర్చీలోంచి ఎడమవైపుకి పడ్డాను. భయంగా ఉంది అత్తయ్యా.

ఇట్లు,
ఉద్యోగం ఊడబోతున్న నీ మేనల్లుడు

తా.క. ఆ జట్టు బట్టలు కుట్టేది నువ్వే కదా. వాడు నిజంగా అంత పొడుగా?

*

చిరంజీవి గెడకర్రకు అత్తయ్య ఆశీస్సులు.

పొడుగేరా. ఆ అబ్బాయి కొలతలు తియ్యాలంటే నేను స్టూలెక్కాలి. మర్యాదస్తుడు, టేపు జారిపోతే తనే వంగి తీసిస్తాడు.

అయినా నువ్వొక్కడివే ఎందుకు నిలబడాలి? మీరు ఐదుగురున్నారు కదా. ఐదుగురూ ఆ అబ్బాయి చుట్టూ కంచెలా నిలబడితే పీడా విరగడవుతుంది. ఇంత చిన్న ఉపాయం మీ కోచ్‌కి తట్టలేదంటే జీతం దేనికిస్తున్నారో!

వేళకి తిను. భయానికి సగం మందు నిండిన కడుపే.

ఇట్లు,
మిషను మీద నుంచి లేవడానికి తీరిక లేని మీ అత్తయ్య

తా.క. ఆ అబ్బాయి నిక్కర్లు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఊరికే చెప్తున్నా.

*

అత్తయ్యకు నమస్కారాలు.

ఐదుగురం వాడి చుట్టూ చేరితే మిగతా నలుగురూ బంతి అందుకుని మా బుట్టలో తీరిగ్గా వేసుకుంటారు. ఇది పొట్టి దుప్పటి వ్యవహారం, తలకి లాగితే కాళ్ళు బయటికొస్తాయి. ఇద్దరం కలిసి మీద పడటమూ ఉందిలే. అప్పుడు మిగిలిన ముగ్గురూ తలో అడుగు జరిగి ఖాళీ పూడ్చాలి. ఆలస్యమైతే కొంప మునిగినట్టే. అందుకే కోచ్, “నీకు రెండుసార్లు సాయం పంపిస్తా, మూడోసారి నీ చావు నువ్వు చావు” అన్నాడు.

నిన్న ప్రాక్టీసులో మళ్ళీ ఎడమకే దూకాను. కోచ్ తిట్టలేదు. తిట్టనందుకే ఎక్కువ భయమేసింది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క. నిక్కర్ల సంగతి ఊరికే ఎందుకు చెప్పావు? నువ్వు ఊరికే ఏదీ చెప్పవే!

*

చిరంజీవికి ఆశీస్సులు.

ఇక బెంగ పెట్టుకోకు. ఈ ఉత్తరం నీకందేసరికి పని అయిపోయి ఉంటుంది. ఆ అబ్బాయి నిక్కరుకి నడుం పట్టీ అంగుళం బిగిస్తున్నా. వెనక కుట్టు విప్పి, పుటుక్కున తెగే దారంతో వేస్తా. మూడోసారి ఎగిరేసరికి తెగుతుంది. ఇక బంతి వేస్తాడా, పరువు కాపాడుకుంటాడా?

ఇట్లు,
నీ క్షేమం తప్ప ఇంకేమీ కోరని అత్తయ్య

తా.క. మ్యాచ్‌కి నాకు ముందు వరసలో టికెట్టు పంపు. మరీ ముందు వద్దులే, రెండో వరస.

*

అత్తయ్యా!

కొంప ముంచావు! అది మోసం. తెలిసిందంటే నన్ను జట్టులోంచి కాదు, ఏకంగా ఆటలోంచే గెంటేస్తారు. కోచ్‌కి చెప్దామంటే నీ కొట్టు మూతపడుతుంది. చెప్పకపోతే వేలమంది ముందు ఆ గద్దగారి పరువు గంగలో కలుస్తుంది. పాపం, ఆయన నన్నేం చేశాడు?

అన్నం సయించడం లేదు. ఆయన కళ్ళు ఎలా ఉంటాయో కూడా మర్చిపోయాను. లేచినా, కూర్చున్నా కనిపిస్తున్నదల్లా ఆ నడుం పట్టీయే. నీకు దణ్ణం పెడతా, వెళ్ళి ఆ నిక్కరు వెనక్కి తెచ్చుకో!

ఇట్లు,
బతికున్న శవం

తా.క. మూడోసారే తెగుతుందని ఖాయమా? నేను తువ్వాలు సిద్ధంగా పెట్టుకోవాలి.

*

చిరంజీవి గెడకర్రకు ఆశీస్సులు.

ఆట కాగానే నా మొహమైనా చూడకుండా బస్సెక్కి పారిపోయావు. అందుకే ఉత్తరం రాయాల్సొచ్చింది.

గద్దకి పదకొండు పాయింట్లు. పదకొండే! ఆ అబ్బాయి కళ్ళు తిప్పాడు, తల తిప్పాడు, భుజాలు ఊపాడు. నువ్వు కదల్లేదు. నడుము ఎటు కదిలితే అటు జరిగావు. మీ కోచ్ లేచి చప్పట్లు కొట్టడం నా కళ్ళారా చూశా.

ఇప్పుడు నిజం విను. ఆ ఉత్తరం పోస్టులో వేసొచ్చి కత్తెర పట్టుకున్నానా, చెయ్యి రాలేదురా. ముప్పై ఏళ్ళలో ఒక్కళ్ళ బట్టకీ ద్రోహం చెయ్యలేదు. నీ కోసమైనా చెయ్యలేకపోయాను, ఏడుపొచ్చింది. ఉన్న కుట్టు మీదే ఇంకో వరస గట్టిగా వేసి పంపేశాను.

ఆ మాటే నీకు రాద్దామని కాగితం తీశాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. కళ్ళు మర్చిపోయాను, నడుం పట్టీయే కనిపిస్తోంది అన్నావు. మీ కోచ్ ఇన్నాళ్ళూ మొత్తుకున్నది అదే కదా! కాగితం మడిచి సొరుగులో పెట్టేశా. నిన్ను అన్ని రోజులు ఏడిపించినందుకు మనసు పీకుతూనే ఉంది. తిట్టాలనుంటే వచ్చి తిట్టు.

ఇట్లు,
అంగుళం కూడా బిగించని మీ అత్తయ్య

తా.క. పొద్దున ఆ అబ్బాయి నిక్కరు పట్టుకుని కొట్టుకొచ్చాడు. “అమ్మా, ఆ గెడకర్ర ఆటంతా నా నడుమే చూశాడు. వెనక చిరిగిందేమోనని హడలిపోయి, ఒక చేత్తో నిక్కరు పట్టుకుని సగం ఆట ఒంటి చేత్తోనే ఆడాను. కాస్త చూసిపెట్టండి” అన్నాడు. చూశా, కుట్టు ఉక్కులా ఉంది. వచ్చే నెల మీకూ వాళ్ళకీ మళ్ళీ ఆట ఉందటగా. నిక్కరు నా దగ్గరే వదిలి వెళ్ళాడు. ఈసారి బిగిస్తానో లేదో మాత్రం నీకు చెప్పను.