గుడ్ ఫ్రైడే నాడు ఉప్పుమూట

మార్చి 22, శుక్రవారం

డాక్టరు సరేనన్నాడు! ఒడెట్ నడవొచ్చట. నడవొచ్చు కాదు, నడవాలట. గుండె ఆపరేషన్ అయి ఏడు నెలలైంది, స్కాన్ బ్రహ్మాండంగా ఉంది, తొమ్మిదేళ్ళ పిల్లని ఇంకా మీ ఆయన మోసుకు తిరుగుతున్నాడేమిటమ్మా అని నన్నడిగాడు. డెల్రాయ్ తల వంచుకున్నాడు. అయినా ఆసుపత్రి మెట్ల దగ్గరికి రాగానే అలవాటుగా వంగాడు, అది అలవాటుగా వీపెక్కేసింది. ఉప్పుమూట. నేనూ ఆపలేదు. భయం ఆయనొక్కడికేనా?

రాజధాని నుంచి మా ఊరు కవీటాకి నాలుగు గంటలు. బస్సులో అంతసేపూ ఒడెట్‌ది ఒకటే పాట. అడవిదారిలో వెళ్దాం, నది దాటి అవతలి బీచ్‌కి వెళ్దాం, అందరం వెళ్దాం, కానీ నేను నా కాళ్ళతోనే వస్తాను, ఎవ్వరూ ఎత్తుకోకూడదు అని. మా ఇంటినుంచి ఆ అభయారణ్యం గేటుకి పది నిమిషాలు. పుట్టిన ఊళ్ళో ఉండి కూడా పిల్ల ఆ బీచ్ చూడలేదు. వెళ్దాం అని మాటిచ్చేశాను. ఇచ్చాక ఒకటే గాభరా. సంతోషం కూడా.

మార్చి 24, ఆదివారం

తేదీ కుదిరింది. గుడ్ ఫ్రైడే. డెల్రాయ్ లిమోన్ ఊరికెళ్ళే బస్సుకి డ్రైవరు, ఈస్టర్ వారంలో ఊపిరాడదు. శుక్రవారం ఒక్కరోజే బస్సులు తిరగవు.

అత్తగారు అడ్డం పడింది. ఊరంతా మిస్ ఎడ్లిన్ అని పిలిచే ఆమెకి డెబ్భై ఒక్కేళ్ళు, నోటికి మాత్రం పాతికే. గుడ్ ఫ్రైడే నాడు నీళ్ళలో దిగితే చేపైపోతారే, తెలీదా మీకు, అంది. వాళ్ళ పెద్దమ్మ మరిది ఒకడు వద్దన్నా వినకుండా దిగాడట, పొద్దుగుంకేసరికి మెడంతా పొలుసులట. ఒడెట్ కళ్ళు ఇంతింత చేసుకుని, తోక కూడా వచ్చిందా గ్రానీ, అని అడిగింది. తోక సంగతి వాళ్ళావిడకే తెలియాలి అందామె.

అయితే నువ్వు ఇంట్లోనే ఉండత్తా అన్నాను. ఎందుకుంటాను, నేనూ వస్తాను, పాదం తడవకుండా నన్ను నది దాటించే పూచీ మీది, అంది. ఎవరు పిలిచారని!

మార్చి 26, మంగళవారం

ఇవాళ నలభై రెండు ఈస్టర్ బన్నులు కాల్చాను. నా జుట్టంతా దాల్చినచెక్క వాసన. ఇంకా మూడు రోజులే!

మార్చి 28, గురువారం

కొండల్లో పొద్దున్నుంచీ వాన. నది పెరిగే ఉంటుంది. మామూలుగా మోకాలి లోతు, రేపు ఒడెట్‌కి నడుం దాకా రావచ్చు. డెల్రాయ్ తేలిగ్గా, నది దగ్గర నేనెత్తుకుంటాలే తల్లీ, అన్నాడు.

పిల్ల మొహం ఇంతైపోయింది. నా కాళ్ళతోనే అన్నాను కదా నాన్నా, అంది. నది ఒక్కటే కదమ్మా, మిగతాదంతా నువ్వే నడువు, అన్నాడాయన. ఎవరైనా నడవగలిగే చోట నడిస్తే అది నడవడమెలా అవుతుంది అని విసురుగా లోపలికెళ్ళిపోయింది.

నాకు మొగుడి మాటా నిజమే అనిపించింది, కూతురి మాటా నిజమే అనిపించింది. అత్తగారు మూల కూర్చుని కొబ్బరి కోరుతూ అంతా వింది. ఒక్క మాటా అనలేదు. జ్వరమేమో అనుకున్నాను.

మార్చి 29, శుక్రవారం, ఉదయం 5:30

వాన లేదు! వాన లేదు! వాన లేదు!

అదే రోజు, సాయంత్రం 5

రాయకుండా ఉండలేను.

ఏడింటికి గేటు దాటాం. ఒక పక్క అడవి, ఒక పక్క సముద్రం, మధ్యన చదునైన ఇసుకదారి. ఒడెట్ ముందు, మేం వెనక. అది ఆయాసపడుతోందా అని నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని నడిచాను. తను అలిసినప్పుడల్లా ఆగి, చెట్టుకి వేలాడే స్లాత్‌ని చూస్తున్నా, పీతని చూస్తున్నా, అని చెప్పింది. ఆ దారిలో అన్ని స్లాత్‌లు లేవు. ఒకచోట తెల్లమూతి కోతి దిగి నా సంచిలోంచి బన్ను సగం తుంచుకుపోయింది. అత్తగారు చెట్టు కింద నిలబడి, మీ ఇంట్లో వండుకోరా దొంగ మొహమా, అని పావుగంట తిట్టింది. ఒడెట్‌కి బాగా రెస్ట్ దొరికింది.

తొమ్మిదింటికి నది. టీ రంగు నీళ్ళు, మెల్లగానే పోతున్నాయి, కానీ అనుకున్నంత లోతూ ఉన్నాయి. డెల్రాయ్ షూ విప్పి, మెడకి తగిలించుకుని, పిల్ల ముందు వీపు చూపించి గొంతుక్కూర్చున్నాడు. ఒడెట్ కదల్లేదు.

అప్పుడు వెనకనుంచి మిస్ ఎడ్లిన్ జరగవే పిల్లా అంటూ వచ్చి, కొడుకు మెడ చుట్టూ చేతులు వేసి ఎక్కేసింది! అమ్మా, ముందు పిల్లని దాటించనీ, అని డెల్రాయ్ లబోదిబోమన్నాడు. ముందు కన్నతల్లిని దాటించరా, ఇవాళ శుక్రవారం, నేను చేపనైతే ఎవడు పోషిస్తాడు, పద పద, అని మడమలతో పొడిచింది. ఆయన పాపం దిగాడు.

ఒడ్డున నేనూ ఒడెట్. నెత్తిన సంచి పట్టుకుని ఒక చెయ్యే ఖాళీగా ఉంది నాకు. ఉండు, నాన్న మళ్ళీ వస్తాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేలోపే అది దిగింది. చెయ్యి పట్టుకున్నాను. నడుం దాకా నీళ్ళు. సగంలో చెయ్యి విడిపించుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కో అడుగూ తడుముకుంటూ, నోరు బిగించి, అవతలి ఒడ్డెక్కి, వెనక్కి తిరిగి, దాటేశా అని అరిచిన అరుపుకి పైనున్న కోతులు కూడా నోరు మూసుకున్నాయి. డెల్రాయ్ తల్లిని దించడం మర్చిపోయి, మూటతో అలాగే నిలబడి ఏడ్చేశాడు. దించరా, నా నడుం పట్టేసింది అంటోంది ఆమె.

తెల్లటి ఇసుక, రైస్ అండ్ బీన్స్, కోతి వదిలేసిన సగం బన్ను. ఒడెట్ పరిగెత్తింది! నేను వద్దనలేదు. వద్దనకుండా ఉండటానికి నోటినిండా అన్నం కుక్కుకున్నాను.

తిరుగుదారిలో మళ్ళీ నది. డెల్రాయ్ బుద్ధిగా తల్లి ముందు కూర్చున్నాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, గౌను మోకాళ్ళ పైకి ఎత్తి, ఆయన పక్కనుంచి నడిచి నీళ్ళలోకి దిగిపోయింది. అమ్మా, ఇవాళ శుక్రవారమే, అని అరిచాడాయన. ఆమె వినిపించుకోలేదు. నా పక్కకొచ్చినప్పుడు మాత్రం మెల్లగా, వాడికున్నది ఒక్కటే వీపు కదే, పొద్దున అది ఖాళీగా ఉంటే పిల్ల దిగేదా, అంది.

పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి మా అత్తని కౌగిలించుకున్నాను, నది మధ్యలో. ఇద్దరం పడబోయాం. పిచ్చిదానా, చేపలైపోతాం, అంది.

మార్చి 30, శనివారం

ఒడెట్ లేవగానే గ్రానీ మెడ తడిమి చూసింది. పొలుసుల్లేవు.

ఏప్రిల్ 1, సోమవారం, ఉదయం 6:50

ఒడెట్ బడికి నడిచి వెళ్ళింది. ఒక్కతే. మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

డెల్రాయ్ ఇంకా ఇంటి గేటు దగ్గరే వంగి, లేసులు కట్టుకుంటున్నానంటున్నాడు. కాళ్ళకున్నవి రబ్బరు చెప్పులు.